హంతకురాలి వేషం అడిగిన అత్త

మొన్న అనంతపురంలో కంటి ఆస్పత్రికి పోయినా. నా వంతు వచ్చేవరకు కూర్చోమన్నారు. ఎదురు బెంచీ మీద ఒక కాలేజీ పిల్ల ఇటుకంత లావు పుస్తకం చదువుతాండాది. అట్ట మీద రెక్కలున్న పెద్ద జంతువు, దాని నోట్లో నుంచి మంట. ఆ బొమ్మ చూడంగానే మా అత్త గొంతు నా చెవిలో ఖంగుమన్నెది. "ఈ రెక్కల తొండకు మేత యాడిదంట?"

గట్టిగానే నవ్వినట్టుండా. ఆ పిల్ల పుస్తకం దించి నన్ను చూసింది, మళ్లా అట్ట చూసుకుంది. "బాగుండాదా పాపా?" అని అడిగితే, "సూపరాంటీ" అనింది. మా అత్త ఉంటే ఆ పిల్లను అంత సులువుగా వదిలిపెట్టేది కాదు.

అత్త పోయి ఏడాది దాటింది. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని నేస్తాంటే, అత్త రాట్నం ముందర కూర్చోని ఆయనకు దారం కండెలు చుట్టేది. ఆమె ఒళ్లో ఎప్పుడూ ఒక నవల తెరిచి ఉండేది. పేజీ ఎగరకుండా దాని మీద బియ్యం కొలిచే ఇత్తడి పావు ఒకటి పెట్టుకునేది. ఒక చేత్తో రాట్నం, ఒక చేత్తో దారం, కండ్లు మాత్రం పుస్తకంలో. కత సప్పగా ఉంటే రాట్నం గిర్రున తిరిగేది. కత ముదిరితే రాట్నం ఆగిపోయేది. కొంచేపటికి మగ్గం కూడా ఆగేది.

"మా! కండెలు!" అని మా ఆయన గుంతలో నుంచి అరిచేటోడు.

"ఉండరా! ఈడ మనిషి సచ్చిపోతాండాడు!"

కండెలు ఎక్కువగా తయారైన రోజు ఆ పుస్తకం దండగని నేను లెక్కేసుకునేదాన్ని.

నేను ఆ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలో, "నువ్వేం చదువుతావు పాపా?" అని అడిగింది. మా అమ్మ చెప్పి పంపిన మాట గుర్తుండి, "స్తోత్రాలు" అన్నా. అత్త నన్ను జాలిగా చూసింది. "అవి నేను సచ్చేముందు చదువుకుంటాలే. ఇప్పుడు ఇది చదువు" అని దిండు కింద నుంచి ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టింది. అట్ట మీద నెత్తురు కారే కత్తి. అద్దె పుస్తకాల అంగడి ముద్ర. మా అమ్మ ఈ పెండ్లి కుదిర్చేటప్పుడు వాళ్లది చానా పద్ధతైన కుటుంబం అని చెప్పింది.

మాయామంత్రాల నవలలను ఆమె నమ్మేది కాదు, వదిలేదీ కాదు. ప్రతి పుస్తకంలోనూ రాజ్యం ఎట్ల గడుస్తాండాదో వెతికేది.

"ఈ రాజు ఆరు తొండలను కోటలో కట్టేసుకున్నాడంట. మా నాయన రెండు ఎద్దులకు గడ్డి దొరక్క వాటిని సంతకు తోలినాడు. ఈయప్ప గడ్డివామి యాడేసినాడో చెప్పడే!"

"అవి గడ్డి తినవత్తా. మేకల్ని తింటాయి."

"సరే. ఆ మేకలేం తింటాయి?"

దానికి జవాబు ఆ రాసినాయన దగ్గర కూడా ఉండదు.

మంత్రగాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. "మంతరం వస్తే ముందు వాన కురిపియ్యల్ల. ఈడేమో కత్తికి వెలుతురు తెప్పిచ్చుకుంటాడు. ఆ ఊర్లో టార్చిలైటు లేదా?" అనేది. లోకాన్ని కాపాడేదానికే పుట్టినాడని జోస్యం చెప్పించుకున్న హీరో కనపడితే ఇంకా కష్టం. "జాతకం బాగుండాదని సేద్యం చెయ్యకుండా అరుగు మీద కూర్చున్నోళ్లను శానామందిని చూసినా. ఒక్కడూ ఏమీ కాపాడలేదు. కాపాడింది ఇంట్లో ఆడోళ్లు." అయినా అట్లాంటి పుస్తకం ముగిసినప్పుడు రెండో భాగం ఉండాదా అని అడిగేది. ఎందుకత్తా అంటే, "ఆ మేకల సంగతి దాంట్లోనన్నా రాసినాడేమో" అనేది.

బాంబులూ పరుగులూ ఉండే థ్రిల్లర్లు ఆమె దృష్టిలో కాళ్లనొప్పులకు మందు. మోకాళ్లు పట్టేసిన రోజుల్లో అవే చదివేది. "నా బదులు వాడు పరిగెత్తుతాండాడు, నాకు ఆయాసం తగ్గుతాది" అనేది. కానీ ఒక్క విషయం మాత్రం క్షమించేది కాదు. హీరో అన్నం తినకపోవడం. దేశం దాటుతాడు, సముద్రంలో దూకుతాడు, రైలు మీద నుంచి హెలికాప్టరు ఎక్కుతాడు, ఎక్కడా ఒక ముద్ద నోట్లో పెట్టుకోడు. "ఒరే, ఆ బాంబు యాడికీ పోదురా, రెండు సంగటి ముద్దలు తినిపోరా!" అని పుస్తకం మీద అరిచేది. ఇంట్లో సంగటీ ఊరిబిండి పచ్చడీ ఉన్న పూట అయితే ఈ అరుపు మరీ ఎక్కువ.

నెత్తిన పెట్టుకునింది మాత్రం అపరాధ పరిశోధన నవలల్నే. వాటిల్లోంచి ఆమె లోకానికంతా సరిపోయే సూత్రాలు తీసుకునింది. మరీ మంచిగా మాట్లాడేవాడే దొంగ. మొదట అనుమానం వచ్చినోడు దొంగ కాదు. ఏడ్చేవాళ్లలో కొంగు తడవనామెను కనిపెట్టుకోని ఉండల్ల. ఈ సూత్రాలను ఆమె మా చుట్టాల మీద, పాలాయన మీద, ఓట్లు అడిగేదానికి వచ్చినోళ్ల మీద కూడా వాడేది. ఓట్లోళ్ల విషయంలో ఎప్పుడూ తప్పు పోలేదు.

పుస్తకం నచ్చకపోతే దాన్ని తానే బాగు చేసేది. వీధిలో ఆడోళ్లకు కత చెప్పేటప్పుడు, రాసినాయన పట్టుకున్న హంతకుణ్ణి వదిలేసి తనకు నచ్చినోణ్ణి పట్టిచ్చేది. ఎదురింటామె ఒకసారి అదే పుస్తకం తెచ్చుకోని చదివి, "ఏమక్కా, చంపింది డాక్టరని చెప్పితివి, దీంట్లో తమ్ముడని ఉండాది" అని నిలదీసింది. అత్త చెక్కుచెదరలేదు. "నీ పుస్తకంలో తప్పు పడింది. వాపసిచ్చి వేరేది తెచ్చుకోపో" అనింది.

నేను వచ్చిన మొదటి సంవత్సరమే ఇంట్లో ఒక నేరం జరిగింది. జరీ రీలు ఒకటి కనపడలేదు. అత్త వీధి తలుపు మూసి గొళ్లెం పెట్టి, నన్నూ మా ఆయన్నూ చాప మీద కూర్చోబెట్టింది. "ఎవురూ కదలగూడదు" అనింది. ఆ మాట కోసం ఆమె ఎన్నేండ్లుగా కాచుకోని ఉన్నిందో మొగంలోనే తెలుస్తాండె.

ముందు నన్ను చూసింది. నేనేమో కొత్త కోడలు, పోయింది జరీ.

"ఇంటికి కొత్తగా వచ్చింది నువ్వు. అందరికీ నీ మీదనే అనుమానం వస్తాది. కాబట్టి నువ్వు కాదు" అని నన్ను ఒక్క మాటతో విడుదల చేసింది. ఇంకో ఇంట్లో అయితే ఆ పూట నా బతుకు ఏమయ్యేదో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు మరీ నెమ్మదిగా ఉండావు. ఏంటికి?"

"నాకు పనుండాది మా."

"అందరు నేరస్తులూ అదే అంటారు."

అర్ధగంట విచారణ అయినాక వక్కాకు నమిలి ఆలోచిస్తామని తన సంచి విప్పింది. జరీ రీలు వక్కల మధ్యలో కూర్చోని ఉండాది. మా ఆయన ఏమన్నా అనేలోపలే అత్త రీలు పైకెత్తి, గెలిచినట్టు మమ్మల్ని చూసింది. "చూసినారా? ఎవురూ అనుకోని మనిషే!"

ఆ రోజు నుంచే అనుకుంటా, నేనామెకు దాసోహమైపోయింది.

అద్దె పుస్తకాల అంగడి మూతపడినప్పుడు అత్త ఇంట్లో మనిషి పోయినట్టే కూర్చునింది. మా ఆయన ఒక పెద్ద ఫోను కొనిచ్చినాడు. దాంట్లో తెలుగు సీరియళ్లు చదివే యాప్ ఒకటి నేనే వేసిపెట్టినా. అక్షరాలు పెద్దవి చేసుకోని, ఫోనును రాట్నం ఎదురుగా డబ్బాకు ఆనించి పెట్టుకుని చదివేది. "పేజీ తిప్పే పని తప్పింది, పావు కూడా వద్దు" అని మురిసిపోయింది.

అదే యాప్‌లో నేను రాయడం మొదలుపెట్టినా, మారుపేరుతో. ఎవురికీ చెప్పలేదు. మధ్యాహ్నం కరెంటు పోయి అందరూ కునుకు తీసేటప్పుడు రాసేదాన్ని. ధర్మవరంలో ఒక మగ్గాల ఇల్లు. తెల్లారి చూస్తే ఆ ఇంటి అత్త మగ్గం గుంతలో సచ్చిపడి ఉంటాది. చంపింది ఎవురు? అదీ కత. మూడు భాగాలు పెట్టినానో లేదో చదివేవాళ్లు బాగానే చేరినారు.

ఒక పొద్దున వంటింట్లో ఊరిబిండి నూరుతాండా. అత్త వచ్చి గడప మీద కూర్చునింది.

"ఏం పాపా, నన్నెవురు చంపినారు?"

రుబ్బురాయి నా చేతిలో ఆగిపోయింది. "అది నువ్వు కాదత్తా."

"రెండు చెవులకు రెండు రకాల కమ్మలు పెట్టుకునే ముసల్ది ఈ ఊర్లో ఇంకొకతి ఉండాదా? ఉంటే ఇల్లు చూపిచ్చు, పోయి పలకరిచ్చొస్తా."

నిజమే. రెండు జతల్లోనూ ఒక్కొక్కటి పోగొట్టుకుని, మిగిలిన రెండిట్నీ జత కలిపి పెట్టుకునేది ఆమె. ఆ సంగతి కతలోకి ఎట్ల జారిపోయిందో నాకే తెలీలేదు. చేతులు కడుక్కోని ఆమె ముందర కూర్చున్నా. "కోపమొచ్చిందా అత్తా?"

"రాదా మరి? మొదటి పేజీలోనే చంపేస్తివే! ఒక్క మాటన్నా మాట్లాడనిస్తివా? మీ మామ పోయినాక ఈ ఇల్లు నడిపింది నేను. నీ కతలో నాకు గుంతలో బోర్లా పడుకునే పనా? శవమంత సోమరిపోతు కతలో ఇంకెవురుండారు? అందరూ దాని చుట్టూ తిరగల్ల. అది మాత్రం కాలు కదపదు."

"మరేం చెయ్యమంటావు?"

అత్త నా వైపు వంగింది. "చంపే పని నాకియ్యి."

ఆ రోజు ఊరిబిండి సగం బరకగానే మిగిలింది. పెట్టిన మూడు భాగాలనూ తీసేసి, క్షమించమని పాఠకులకు రెండు ముక్కలు రాసి, కత మళ్లా మొదలుపెట్టినా. ఈసారి ఇంటి అత్తే హంతకురాలు. ఎవర్ని చంపల్ల అని అడిగితే మా చుట్టాల్లో చానామంది పేర్లు చెప్పింది. కొందరి పేర్లు చెప్పేటప్పుడు ఎంత హుషారో. చివరికి వాళ్లందర్నీ వదిలేసి ఒక చీరల వ్యాపారి దగ్గర ఆగింది.

"కతలో ఆ అత్త సొంతంగా ఒక అంచు కనిపెట్టింటాది. చెనిక్కాయ తీగ మాదిరి అల్లిక, మధ్యలో పసుప్పచ్చ పూలు. మాదిరి చీర చూసి పంపిస్తానని వాడు కొండుకోని పోతాడు. పండగ నాటికి ఆ అంచు ఊరంతా ఉంటాది, వాని పేరు మీద. అడిగేదానికి పోతే, 'ఆడోళ్లకు అంచులు కట్టేది తెలుసా అమ్మా?' అని నవ్వుతాడు."

ఆమె ఇది చెప్పేటప్పుడు రాట్నం తిరగడం లేదు.

"ఇది నిజంగా జరిగిందా అత్తా?"

"కతలకు నిజమేంటికి? రాయి."

ఎట్ల చంపల్లనేదాని మీద మాత్రం చాలా తర్జనభర్జనలైనాయి. తుపాకీ వద్దనింది, యాడిదని అడుగుతారు. విషం వద్దనింది, వంటకు చెడ్డపేరు. "మన పక్క ఎండిపోయిన బావులకు కొదవా? ఒక్కదాన్నన్నా పనికొచ్చేట్టు చెయ్యి" అనింది. అట్లనే చేసినా. రోజూ రాసింది ముందు ఆమె చదవల్ల, తర్వాతనే యాప్‌లోకి. పోలీసాయన మంచోడుగా ఉంటే ఒప్పుకునేది కాదు, చెడ్డోడుగా ఉంటే తెలివిగలోడుగా మార్చమనేది. "నన్ను పట్టుకునేదానికి వచ్చేటోనికి బుర్రన్నా ఉండల్ల గదా. లేకుంటే నా పరువేం కాను?"

కతలోని రెండు రకాల కమ్మల వల్ల ఒక పెండ్లిలో గుట్టు బయటపడింది. ఎవరో చుట్టం మా ఆయన్ని పట్టుకోని, "ఏమప్పా, మీయమ్మ మనిషిని చంపి బావిలో ఏసిందంట?" అని పదిమందిలో నవ్వినాడు. ఇంటికొచ్చి ఆయన చొక్కా కూడా విప్పకుండా నా మీద లేచినాడు.

"తీసెయ్ దాన్ని! నలుగురిలో తలెత్తుకోలేకపోతాండా."

నేను నోరు తెరిచేలోపలే అత్త అందుకునింది. "చంపింది నేను. తల దించుకునేది నువ్వేంటికిరా?"

"నీకు నవ్వులాట మా. ఊరంతా మన ఇంటి గురించే..."

"ఊరంతా చదువుతాండారా?" అత్త మొగం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "ఇనింటివా పాపా, ఊరంతా!" అనింది. ఆయన మగ్గం గుంతలోకి దిగి ఆ సాయంత్రమంతా నేసినాడు. తీసెయ్యమని మళ్లా అడగలేదు.

కత ముగింపుకొచ్చే రోజుల్లోనే అది జరిగింది. అత్త ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది చెడిపోయింది చూడు. అక్షరాలు చీమల మాదిరి పోతాండాయి" అనింది. చూసినా. ఫోనుకేమీ కాలేదు. అక్షరాలు పెద్దగా, నల్లగా, కదలకుండా ఉండాయి. ఆమె కుడిచెయ్యి మాత్రం పక్కకు వేలాడతాండాది.

అనంతపురానికి ఎత్తుకుపోయినాము. ప్రాణం నిలిచింది. మాట కొంచెం ముద్దయింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది. చదువు మాత్రం తిరిగి రాలేదు. మెదడులో అక్షరాలను గుర్తుపట్టే చోట దెబ్బ తగిలిందని డాక్టరు చెప్పినాడు. దానికి అత్త, "తిండి అడిగే చోట తగలరాదా సారూ, షుగరన్నా తగ్గుతాండె" అనింది. డాక్టరు నవ్వినాడు. ఇంటికొచ్చినాక నేను లోపలికి పోతే, ఆమె గోడ మీద క్యాలెండరు ముందర నిలబడి ఉండాది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి, అదేందో గుర్తుపట్టేదానికి చూస్తాండాది. నన్ను చూసి వేలు తీసేసింది. నేనూ చూడనట్టే బయటికొచ్చినా.

అప్పుడు మొదలైంది నేను చదివి వినిపించడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె మంచం మీద పడుకునేది, నేను పక్కన పీట మీద. నా చదువు ఆమెకు నచ్చేది కాదు. "హంతకుడు వచ్చేటప్పుడు నీకు గొంతు ఒణకల్ల. కూరగాయల జాబితా చదివినట్టు చదువుతావే!" అని కసిరేది. హీరోలను తిట్టడం మాత్రం ఏమాత్రం తగ్గలేదు. నా కతలో చివరి భాగం గురించే మా ఇద్దరికీ గట్టిగా చెడింది.

పోలీసులు వస్తారు, అత్త చేతులు చాపుతాది, కత ముగుస్తాది. నేననుకునింది అది. విని ఆమె లేచి కూర్చునింది.

"పట్టిచ్చొద్దు."

"హంతకురాలు దొరక్కపోతే పాఠకులు ఊరుకోరత్తా."

"నేను పాఠకురాల్ని కానా?"

"న్యాయం జరగల్ల గదా."

"వాడు అంచు దొంగిలిచ్చినప్పుడు ఎవురన్నా పట్టుకున్యారా?"

అత్త మళ్లా పడుకుని, గోడ వైపు తిరిగి, మెల్లగా చెప్పింది. "ముసల్దాన్ని ఎవురూ చూడరు పాపా. సంచి ఒకటి చేతికిచ్చి బస్సెక్కిచ్చు. పోలీసులు తలుపు కొట్టేటప్పటికి ఇంట్లో ఉండగూడదు. అంతే."

"ఆలోచిస్తాలే" అన్నా. అపరాధ పరిశోధన కతలకు ఒక పద్ధతి ఉండాదని నాకు పట్టుదల. ఆ భాగం రాయకుండా నాన్చుకుంటా వచ్చినా.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఆమెకు ఒక థ్రిల్లరు చదువుతాండా. హీరో పొద్దున్నుంచి పరిగెత్తుతాండాడు. ఒక ఊరు దాటినాడు, ఇంకో ఊరు దాటినాడు, నదిలో దూకి గట్టెక్కినాడు. నేనూ వాని వెంబడి పోతానే ఉండా. తిండీ తిప్పలూ లేకుండా మూడో ఊరు కూడా దాటినాడు. అయినా మంచం మీద నుంచి తిట్టు రాలేదు. అప్పుడు తలెత్తి చూసినా.

అత్త దినాలు అయిపోయినాయి. వచ్చినోళ్లు పోయినారు. యాప్‌లో పాఠకులు చివరి భాగం ఏదని తిడతాండారు. ఒక రోజు కూర్చోని రాసేసినా. పోలీసులు వచ్చి తలుపు కొడతారు. ఇంట్లో ఎవురూ ఉండరు. ఆమె అప్పటికే బస్టాండులో జనం మధ్యలో నిలబడి ఉంటాది. కానిస్టేబుల్ ఒకాయన పక్కకు జరిగి, "ఎక్కమ్మా, ఎక్కు" అని దారిస్తాడు. ఆమె ఎక్కుతాది. బస్సు కదులుతాది.

పెట్టిన గంటలోనే గొడవ మొదలైంది. హంతకురాలిని వదిలేస్తారా అని కొందరు, ఇదేం ముగింపని కొందరు. ఒకామె మాత్రం "బస్సు మెల్లగా పోనియ్యండి, పెద్దామె" అని రాసింది.

మరుసటి రోజు మగ్గం చప్పుడు ఆగింది. మా ఆయన గుంతలో నుంచి లేచి, తన ఫోను పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చినాడు. ఇన్నాళ్లూ ఆయన అది చదవడం లేదనే నేననుకుంటాండా. స్క్రీన్ మీద నా కత చివరి పేజీ.

"ఆ బస్సు యాడికి పోతాది?" అని అడిగినాడు.

"రాయలేదు. పోలీసులు చదివితే?" అన్నా నవ్వుతా. ఆయన నవ్వలేదు.

"గోరంట్ల అని రాయి. అమ్మ పుట్టిల్లు ఆడనే గదా. ఒకసారి కొండుకోని పోరా అని అడుగుతాండె. మగ్గం మీద చీరుండాది, చీరుండాది అని నేనే పోలేదు."

చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నా. ఆయన పక్కనే నిలబడి చూస్తాండాడు. బస్సు ముందర గోరంట్ల అని బోర్డు పెట్టినా. ఆయన అది చదువుకుని, అయినా అక్కడి నుంచి కదలలేదు.

"సీటు దొరికిందా?" అన్నాడు.

"దొరికింది. కిటికీ పక్క."

"అదీ రాయి" అని, మళ్లా పోయి మగ్గం గుంతలోకి దిగినాడు.